కారు బాన

నాన్న పోయిన రెండో వారంలో బందరులో మా ఇంటిముందు షామియానా వేయించి ఆదరణ కూడిక పెట్టాం. పాస్టరు గారు నాన్న గురించి చాలా మంచి మాటలు చెప్పారు. తొంభై దాటి బతికిన మనిషిలో తప్పులు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. భోజనాలయ్యాక జనం వెళ్ళిపోయారు. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి గోడవారకు చేర్చారు. మూడు గంటలప్పుడు నేనొక్కదాన్నే వరండాలో కూర్చుని, ఖాళీ నీళ్ళ డబ్బాల కోసం బండివాడు ఎప్పుడొస్తాడా అని చూస్తున్నాను. అన్ని డబ్బాలు తెప్పించినా ఆఖరి బంతికి నీళ్ళు చాల్లేదు. నాన్న ఉంటే ముందే లెక్క చూసుకునేవాడు. నీళ్ళ విషయంలో ఆయనకి చాదస్తం. మంచంలో పడ్డాక కూడా గ్లాసు నోటికి అందిస్తే వెంటనే తాగేవాడు కాదు. చూపుడువేలు ముంచి, నాలిక మీద రాసుకుని, ఒక క్షణం ఆగి, అప్పుడు తాగేవాడు. సీలు తీసిన డబ్బాలో నీళ్ళకి కూడా అంతే. ఎప్పటినుంచో ఉన్న అలవాటేలే అనుకుని నవ్వుకునేదాన్ని.

అప్పుడు గేటు తీసుకుని ఒకాయన వచ్చాడు. తెల్ల లాల్చీ, పంచె, నల్లద్దాలు, చంకలో పాత వల ముక్కలో చుట్టిన పళ్ళెం లాంటిదేదో. మెట్ల దగ్గర చెప్పులు విడిచి నిలబడి, "మేస్త్రిగారు పోయారని నిన్ననే తెలిసిందమ్మా. మోపిదేవి దగ్గర బస్సు ఆగిపోయింది, అందుకే ఆలస్యమైంది" అన్నాడు. గొంతు పట్టి గుర్తుపట్టాను. ముఖం పట్టి గుర్తుపట్టే వీల్లేదు. కుడి చెంప మీద చర్మం మైనం కరిగి గడ్డకట్టినట్టు మెరుస్తోంది. అద్దాల వెనక కుడికన్ను లేదని నాకు తెలుసు. ఆయన సింహాద్రి. నలభై ఏళ్ళ పైన అయింది మేమిద్దరం ఎదురుపడి.

కూర్చోమన్నాను. ఆయన కూర్చోకముందే వల విప్పి లోపలిది నా చేతిలో పెట్టాడు. రాగి రేకుల మధ్య అట్టలాంటిది పెట్టి నొక్కిన పలక. నాలుగు పెద్ద గుండ్రాలు, చుట్టూ చిన్న చిన్న కంతలు. ఒక చివర మేకుతో గీకిన అక్షరాలు పచ్చగా చిలుము పట్టినా చదవడానికి వస్తున్నాయి. "సింహాద్రి తప్పు లేదు. బిగింపు నాది." కింద నాన్న సంతకం, దేవదానం అని, దకారం తోక ఎప్పటిలాగే పొడుగ్గా లాగి. "ఆసుపత్రిలో ఉండగా నాకిచ్చారమ్మా ఇది. ఎవరన్నా నిన్ను అంటే చూపించు అన్నారు. ఇన్నాళ్ళూ ఉంచాను. ఆయనే పోయాక నా దగ్గరెందుకు, మీ దగ్గరుంటే బాగుంటుందని తెచ్చాను" అన్నాడు. భోజనం చేస్తారా అంటే ముందు కాసేపు కూర్చుంటానన్నాడు. నేను ఆ రాగి పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అది హెడ్ గాస్కెట్. ఇంజన్లో కింద ఇనప దిమ్మ ఉంటుంది, పిస్టన్లు ఆడేది అందులో. పైన మూతలా హెడ్డు ఉంటుంది. రెంటికీ మధ్య ఈ పలక. ఒకే పలక మీద పక్కపక్కనే నిప్పుకి దారి, నీళ్ళకి దారి, ఆయిలుకి దారి. ఒకదానిది ఒకదాంట్లోకి పోకుండా కాపు కాయడమే దీని పని. నాన్న దీని గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. మిగతా పార్టులన్నీ పాడైతే చప్పుడు చేసి చెబుతాయిరా, ఇది చెప్పదు అనేవాడు. నన్ను కూడా రా అనే పిలిచేవాడు. నేను ఆయనకి ఒక్కగానొక్క పిల్లను, అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేను, నాన్న, నాన్నని కన్న నాయనమ్మ.

ఇంటిముందు రేకుల పాకే షెడ్డు. వంటింటికీ షెడ్డుకీ మధ్య తడిక ఒక్కటే అడ్డం కాబట్టి మా ఇంట్లో వాసనలకి హద్దు ఉండేది కాదు. నాయనమ్మ నిప్పుల మీద ఎండు సావిడాయ చేపలు కాలిస్తే షెడ్డంతా అదే వాసన, నాన్న పార్టులు కిరసనాయిల్లో కడిగితే అన్నంలో ఆ వాసన. పొద్దున్నే ముగ్గురం చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. నాయనమ్మ ప్రార్థన పొడుగు, ఊళ్ళో జబ్బు పడ్డ ప్రతివాళ్ళ పేరూ అందులో వచ్చేది. నాన్నది పొట్టి. ఈ రోజు నా చెయ్యి తప్పకుండా చూడు ప్రభువా, ఆమెన్. అంతే. హెడ్డు బిగించే రోజున మాత్రం ఇల్లంతా ఇంకో ప్రార్థన జరుగుతున్నట్టు ఉండేది. బోల్టులు నడిమినుంచి మొదలుపెట్టి ఇటొకటి అటొకటిగా చివరలకి పోతూ బిగించాలి. ఒక్కసారిగా కాదు, మూడు విడతలుగా. బిగింపు కొలిచే పానా ఖరీదైన షెడ్లలో ఉండేదట, మాకు లేదు. నాన్నకి భుజమే కొలత. ఆ పావుగంట ఇంట్లో ఎవరం మాట్లాడకూడదు. నాయనమ్మ రుబ్బురోలు ఆపేది. గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే నేను వెళ్ళి చేత్తో సైగ చేసేదాన్ని. మూడో విడత అయ్యాక నాన్న ప్రతి గాస్కెట్టు చివరా, బయటికి కనపడే చోట, మేకుతో ఒక గీత గీసేవాడు, ఇది నా చేతి పని అని.

ఇక నీళ్ళు. బందరు బావుల్లో నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో కందిపప్పు పొద్దుటినుంచి ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది, కుంకుడుకాయ రుద్దితే నురగ రాదు, జుట్టు కొబ్బరిపీచులా బిరుసెక్కుతుంది. మంచినీళ్ళు కుళాయిలో రోజు విడిచి రోజు గంటసేపు. వేసవిలో కాలవలు కట్టేశాక అదీ నమ్మకం లేదు. అందుకని వచ్చిన మంచినీళ్ళని పంచుకోవడానికి మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. తాగడానికి బిందెలు, అన్నం వండడానికి మాత్రం గంగాళం. షెడ్డు చూరు కింద నల్లగా, నా నడుమెత్తున ఒక బాన. అది కారు బాన. వానాకాలంలో చూరు నీళ్ళు, వేసవిలో మొదటి కుళాయి నీళ్ళు అందులోకే. ఇంజన్లోకి ఉప్పునీళ్ళు పోకూడదని నాన్న పట్టుదల. మేం గొంతు తడుపుకోవడానికి వెనకాముందూ చూసుకునే రోజుల్లో కూడా కారు బాన నిండుగా ఉండేది. దాని మూత తీసే హక్కు నాన్నకే. నాయనమ్మకి ఆ బాన అంటే ఒళ్ళుమంట. "నీ బాబుకి మనుషుల కంటే ఇనుము ముద్దే" అనేది.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక ఒక నల్లటి పాత కారు తాడుతో లాగించుకుంటూ మా షెడ్డుకొచ్చింది. దివిసీమ పల్లెల్లో తిరిగి వైద్యం చేసే ఒక డాక్టరమ్మ గారు దాన్ని ఎవరి దగ్గరో కొన్నారు. దాని డ్రైవరు సింహాద్రి. నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డు పల్లె వాళ్ళది. వాళ్ళ నాన్నా అన్నలూ వేటకి పోతారు. తనకి పడవెక్కితే వాంతులు, అందుకే కారెక్కానని నవ్వుతూ చెప్పేవాడు. ఇరవై ఆరో ఏడో ఉంటాయి. నాకు పంతొమ్మిది, టీచరు ట్రైనింగులో ఉన్నాను. నాన్న నెలన్నర కష్టపడి ఆ ఇంజన్ను పూర్తిగా విప్పి మళ్ళీ కట్టాడు. ఆయన కట్టిన ఇంజన్లన్నిట్లో ఇదే బాగా కుదిరిందని గుడివాడలో లేతు మిషను మేస్త్రి కూడా అన్నాడట. మొదటిసారి స్టార్టు చేస్తే బానెట్ మీద నిలబెట్టిన పావలా బిళ్ళ పడిపోలేదు. నాన్న ముఖంలో ఆ వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం సింహాద్రి కారు తెచ్చేవాడు. నాన్న ప్లగ్గులు విప్పి తుడిచి, రేడియేటరు నింపి, వారానికి సరిపడా నీళ్ళు కారు బానలోంచి రెండు రేకు డబ్బాల్లో పోసి డిక్కీలో పెట్టేవాడు. దివిసీమ చివర ఎక్కడ ముంచినా ఉప్పే కాబట్టి, దారిలో ఈ నీళ్ళు తప్ప చుక్క కూడా పోయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నాయనమ్మ సింహాద్రికి టీ ఇస్తూ పరాచికాలాడేది. "ఏవయ్యా అల్లుడూ, ఈసారన్నా నాలుగు రొయ్యలు తెచ్చావా, ఒట్టి చేతులేనా?" అనేది. బంధుత్వం లేకపోయినా మా వైపు వరసలు అలాగే కలుపుతారు. ఆ మాటకి నేను తడిక వెనక్కి పోయేదాన్ని. ఒకసారి నాయనమ్మ నాకు జడ వేస్తూ ఆగి, "ఏవే కరుణా, ఈ మధ్య నీ జుట్టు పట్టుకుచ్చులా అయింది, ఏం నూనె రాస్తున్నావే?" అని అడిగింది. కొబ్బరినూనే అన్నాను.

చైత్రం ఎండలు ముదిరేసరికి కారు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఆ మాట మొదట సింహాద్రే అన్నాడు. "మేస్త్రిగారండీ, రెండు డబ్బాలూ బుధవారానికే అయిపోతున్నాయండి. కింద చుక్క కారట్లేదు. ఎటు పోతున్నాయో అర్థం కావట్లేదండి." నాన్న కారు కింద పడుకుని చూశాడు. గొట్టాలన్నీ చేత్తో తడిమాడు, పొడిగా ఉన్నాయి. ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి స్టార్టు చేయించి, ఒంగుని నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు. నేనూ వెళ్ళి చూశాను. అడుగునుంచి బుడగలు, ఒకటి, ఆగి మరొకటి, చెరువు అడుగున ఏదో ఊపిరి తీస్తున్నట్టు. వెనక పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోంది, ఇంజన్ వేడెక్కినా ఆగలేదు. నాన్న ప్లగ్గులు విప్పి వరసగా పెట్టాడు. మూడు మామూలుగా మసిబారి ఉన్నాయి. మూడో సిలిండరుది మాత్రం కడిగి తుడిచినట్టు తెల్లగా ఉంది. ఆయిలు మట్టం చూసే పుల్ల తీస్తే, ఆయిల్లో నీళ్ళు కలిసి పాలు ఎక్కువైన కాఫీ రంగు. నాన్న చేతులు తుడుచుకున్నాడు. గాస్కెట్టు పోయిందన్న మాట షెడ్డులో అందరికీ ఒకేసారి వినపడినట్టు అనిపించింది నాకు.

హెడ్డు విప్పారు. రెండో గుండ్రానికీ మూడోదానికీ మధ్య, నీళ్ళ కంత నుంచి నల్లటి తడి జాడ ఒకటి లోపలికి పాకి ఉంది. నాన్న ఉక్కు బద్ద ఒకటి హెడ్డు మీద అడ్డంగా, నిలువుగా, మూలనుంచి మూలకి పెట్టి, దాని కింద కాగితం కంటే పల్చటి రేకులు దూర్చి చూశాడు. ఎక్కడా వంపు లేదు. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగులుంటే అందులో దాగిన నూనె పైకొచ్చి సుద్ద మీద గీత కనిపిస్తుంది. గీత లేదు. బోల్టు కంతల అడుగున నూనె చుక్క ఉంటే బోల్టు బిగిసినట్టు అబద్ధం చెబుతుందని, గుడ్డ వత్తి దూర్చి ఒక్కొక్కటీ తుడిచాడు. కొత్త గాస్కెట్టు వేశాడు. మాటా పలుకూ లేని ఆ పావుగంట మళ్ళీ. రెండో వారానికి మళ్ళీ బుడగలు. ఈసారి హెడ్డు గోనెలో చుట్టి రైల్లో గుడివాడ తీసుకెళ్ళి, లేతు మేస్త్రి చేత ముఖం చదును చేయించుకొచ్చాడు. మళ్ళీ గాస్కెట్టు, మళ్ళీ బిగింపు. మూడు వారాలు నడిచింది. నాలుగో శనివారం సింహాద్రి కారు దిగి వెనక పొగగొట్టం వైపు వేలు చూపించాడు. నాన్న అడగను కూడా అడగలేదు.

ఆ రోజుల్లో నాన్న అన్నం దగ్గర తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకునేవాడు. ప్రార్థన ఇంకా పొట్టిదైంది. నాయనమ్మ ఆ కారులో ఏదో ఉందని, చచ్చినవాళ్ళ కారు కొని తెచ్చారేమోనని సణిగేది. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే అక్షరాలు ఆనేవి కావు. ఏదో జరగబోతోందని తెలుస్తూనే ఉంది. ఎవరికి జరుగుతుందన్నదే తెలియలేదు.

మూడోసారి విప్పినప్పుడు నాన్న హెడ్డుని ఎండలోకి తెచ్చి చాలాసేపు చూశాడు. హెడ్డు అల్యూమినియంది. దాని మీద నీళ్ళ కంత చుట్టూ, రాగి పలక ఆనే చోట, లోహం తినేసి గుంటలు పడి ఉంది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. కిందటిసారి లేతు మీద చదును చేసిన ముఖమే, ఇంతలో మళ్ళీ ఎలా తినేసిందో చూడమని నన్ను పిలిచాడు. "రాగీ అల్యూమినియం పక్కపక్కన పెట్టి మధ్యలో ఉప్పునీళ్ళు పోస్తే ఇలా తింటుందిరా. మంచినీళ్ళయితే ఇంత త్వరగా తినదు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "బాన నీళ్ళు ఎవరన్నా ముట్టుకున్నారా?" అని అడిగాడు. నిజానికి ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే, పప్పు ఉడకట్లేదని నాయనమ్మ గోల పెడితే, నేను బానలోంచి రెండు చెంబులు తీసి, మట్టం తగ్గినట్టు కనపడకూడదని రెండు చెంబుల బావినీళ్ళు పోశాను. అంతమాత్రానికి ఇంత జరగదనుకున్నాను. "లేదు నాన్నా" అన్నాను. ఆయన తలూపాడు. నా మాట మీద ఆయనకెప్పుడూ అనుమానం లేదు.

అందుకని అనుమానం సింహాద్రి మీదకి మళ్ళింది. ఆ సాయంత్రం నాన్న గొంతు నేనెప్పుడూ విననట్టు ఉంది. "డబ్బాలు అయిపోతే మురుక్కాలవలో ముంచి పోశావు. ఒప్పుకో, కోప్పడను." సింహాద్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మేస్త్రిగారండీ, ఉప్పుగాలికి పుట్టి పెరిగినోణ్ణి, ఉప్పు ఏం చేస్తుందో నాకు తెలవదాండీ? అమ్మ తోడు, చుక్క పోయలేదండి." నాన్న నమ్మలేదు. నమ్మలేదని కూడా అనలేదు. తడిక వెనక నిలబడి రెండు గొంతులూ విన్నాను. ఒక్క మాట చెప్తే అయిపోయేది. తడిక దాటలేదు. నాన్న హెడ్డు మీద ఉప్పు తినేసిన చోట వెల్డింగు పోయించి, మళ్ళీ చదును చేయించి, నాలుగో గాస్కెట్టు బిగించాడు. ఆ శనివారం సింహాద్రి టీ తాగకుండా డబ్బాలు నింపించుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి గురువారం మిట్టమధ్యాహ్నం అవనిగడ్డ బస్సు కండక్టరు వచ్చి కబురు చెప్పాడు. పులిగడ్డ దాటాక కారు వేడెక్కి ఆగిందట. సింహాద్రి నాన్న చెప్పినట్టే నీడకి చేర్చి, చాలాసేపు ఆగి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మూత తిప్పాడట. మామూలు వేడి అయితే ఆపాటికి తగ్గేది. కానీ లోపల ఉన్నది ఒట్టి ఆవిరి కాదు. గాస్కెట్టు దాటి వచ్చిన మంట గాలి నీళ్ళలోకి ఎక్కి, బయటికి దారి లేక కాచుకుని ఉంది. మూత చేతిలోంచి ఎగిరిపోయింది. మరిగే నీళ్ళు ముఖం మీద. నాన్న ఒంటిమీద ఉన్న బనీనుతోనే బస్సెక్కి వెళ్ళాడు. ఆయన వెళ్ళగానే నేను కారు బాన ఒంచేసి, అడుగు కడిగి, తాగే బిందెల్లో నీళ్ళు తెచ్చి పోశాను. నాయనమ్మ గడపలో నిలబడి చూసింది.

నాన్న మూడో రోజున తిరిగొచ్చాడు. కుడికన్ను పోయిందని చెప్పాడు. "నా చేతి తప్పు. బిగింపు సరిపోలేదు" అన్నాడు. డాక్టరమ్మ గారికీ అదే చెప్పాడు, చర్చిలో అందరి ముందూ అదే చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఒక్క హెడ్డు కూడా విప్పలేదు. బ్రేకులు, క్లచ్చులు, చేపల చెరువుల మోటార్లు, అంతే. ఎవరైనా పాత ఇంజను తెస్తే, నా చెయ్యి చెప్పడం మానేసిందయ్యా అని పంపించేసేవాడు. నేను టీచరునయ్యాను, రిటైరయ్యాను, ఇదే ఇంట్లో ఆయన దగ్గరే ఉండిపోయాను. పెళ్ళి సంగతి ఇక్కడ అనవసరం. ఇప్పుడు కార్లలో పచ్చగా, గులాబీ రంగుగా ఏదో ద్రవం పోస్తున్నారు, బాన అక్కర్లేదు. కానీ ఉప్పు అప్పుడు బందరు దాకే ఉండేది. ఇప్పుడు మొవ్వలో, ముదినేపల్లిలో చుట్టాలింటికి వెళ్ళినా బోరు నీళ్ళు నోట పెట్టలేకపోతున్నాం. నాకు ప్రతిసారీ ఆ తెల్లటి పొడి గుర్తొస్తుంది. నా ఒక్క అబద్ధంతో నాన్న తన చేతిని తనే నమ్మకుండా పోయాడన్న బరువుతో ఇన్నేళ్ళూ బతికాను. బరువు అదేననుకున్నాను.

వరండాలో సింహాద్రి గారు పలక మీది అక్షరాలు చూపుడువేలితో తడిమారు. "ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదమ్మా" అన్నారు. "ఆ రోజు డాక్టరమ్మ గారు డిక్కీలో డబ్బా తీసి నా ముఖం మీద నీళ్ళు పోశారు. కాలినచోట నీళ్ళు పడితే చల్లగా ఉండాల కదా. అవి మండినయ్. ఉప్పు చల్లినట్టు మండినయ్. మేస్త్రిగారు వచ్చాక ఆ మాటే చెప్పాను. ఆయన డాక్టరమ్మ గారితో కారు ఆగినచోటికెళ్ళి, డబ్బా మూత తీసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారంట. డాక్టరమ్మ గారు చెప్పారు. అక్కడే రోడ్డు మీద కూలబడిపోయారంట. ఏంటండీ అని ఆవిడడిగితే ఏం లేదన్నారంట. మర్నాడు ఆ కారు హెడ్డు విప్పి, ఈ పలక తీసి, గీకి నాకిచ్చారు."

ఒళ్ళో పలక ఉందన్న సంగతి మర్చిపోయి లేవబోయాను. నాన్నకి తెలుసు. డబ్బాలో నీళ్ళు ఏ బానవో తెలుసు, ఆ బాన మూత ఎవరు తీసి ఉంటారో తెలుసు. తన చెయ్యి తప్పలేదని తెలిసే, ఆ చేతి మీద నింద వేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను అందించిన ప్రతి గ్లాసులో వేలు ముంచి చూసుకుంటూ నలభై ఏళ్ళు నాతో ఒకే ఇంట్లో ఉన్నాడు. మొన్న, ఆఖరి రోజున కూడా, నేను చెంచాతో పోయబోతే ఆ వేలు లేవడానికి ప్రయత్నించింది.

ఇక దాచడానికి ఎవరూ మిగల్లేదు. "అవి నేను పోసిన బావినీళ్ళండీ" అన్నాను. బాన సంగతి చెప్పాను. మంచినీళ్ళు నేను తీసుకుని ఉప్పునీళ్ళు నింపానని, నాన్న అడిగితే లేదన్నానని, మిమ్మల్ని ఆయన తిడుతుంటే తడిక వెనకే ఉన్నానని చెప్పాను. సింహాద్రి గారు గేటు వైపు తిరిగారు. తర్వాత అడిగారు. "ఒక్కసారేనా?"

ఇందాక చుట్టాల సంగతీ పప్పు సంగతీ రాశాను. ఆ కథ నాకు నేనే చెప్పుకుని చెప్పుకుని, రాసేటప్పుడు కూడా చెయ్యి అటే పోయింది. అది అబద్ధం. పప్పు ఎప్పుడూ ఉప్పునీళ్ళలోనే ఉడికేది, పలుకుగానే తినేవాళ్ళం.

"కాదు" అన్నాను. "ప్రతి శనివారం. మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తున్నప్పుడు నాలుగైదు చెంబులు తీసి తలంటుకునేదాన్ని. సాయంత్రం మీరొస్తారని. నాన్న అడిగాక ఒక వారం మానేశాను. ఆఖరి శనివారం మళ్ళీ తీశాను. మీరు మాట పడ్డారు కదా, తడిక దాటి వచ్చి టీ నేనే ఇద్దామనుకున్నాను."

ఆయన నల్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నారు. ఉన్న ఒక్క కంటితో నా వైపు, నెరిసి పల్చబడ్డ నా తల వైపు చూశారు. కోపం ఉంటే బాగుండేది, వెతికాను, కనపడలేదు.

"రెండు కళ్ళూ ఉన్నప్పుడు కూడా నేను ఆ కారు తప్ప ఇంకేం చూళ్ళేదమ్మా" అన్నారు.

అద్దాలు పెట్టుకున్నారు. భోజనం వడ్డిస్తానంటే వద్దన్నారు, మంచినీళ్ళు ఇస్తానంటే అవీ వద్దన్నారు. నా ఒళ్ళో ఉన్న పలక తీసుకుని, మళ్ళీ వల ముక్కలో చుట్టి, చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. నాకివ్వడానికి తెచ్చింది కదా అని నేను అడగలేదు. నీళ్ళ డబ్బాల బండివాడు ఎదురొస్తే పక్కకి తప్పుకుని, గేటు తనే జాగ్రత్తగా వేసి వెళ్ళిపోయారు.